తాళాలు అప్పజెప్పిన నాడు షర్తులు రాసిందెవరు?

(జెరూసలేం నగరం లొంగుబాట్ల మీద చేసిన ప్రసంగ పాఠం)



ఏటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే మన దగ్గర ఒకటే లొల్లి. అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని. పేరు దగ్గర్నే మొదలుపెడతం, పేరు దగ్గర్నే ఆగిపోతం. ఇయ్యాల నేను ఆ పేర్ల పంచాయితీలోకి పోదలుచుకోలేదు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడున్నయి. ఒక నగరం కొట్లాట లేకుండ గెలిచిన ఫౌజుకు తాళాలు అప్పజెప్పిందనుకుందాం. రక్తం కారలేదు, ఇండ్లు కాలలేదు. మంచిదే. కానీ ఆ రోజు షర్తులు మాట్లాడింది ఎవరు? కాయితం మీద రాసుకున్నది ఏంది? రాసుకున్నదాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరిది?

హైదరాబాద్ ముచ్చటతోనే మొదలుపెడితే మనకు కోపమన్న అడ్డమొస్తది, అభిమానమన్న అడ్డమొస్తది. అందుకే ముందు మనది కాని ఊరును చూద్దాం. మూడు వేల ఏండ్లకు పైబడ్డ చరిత్ర ఉన్న జెరూసలేంను చూద్దాం. యూదులకు, క్రైస్తవులకు, ముస్లింలకు ముగ్గురికీ పవిత్రమైన ఊరు అది. ఆ ఊరు ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్క తీస్తే మన నోట్‌బుక్కు నిండుతది. క్రీస్తుశకం 70లో రోమన్లు ఆ ఊరిని నేలమట్టం చేసి యూదుల ఆలయాన్ని కాలబెట్టిన్రు. 614లో పర్షియన్ల ఫౌజు క్రైస్తవులను ఊచకోత కోసింది. 1099 జులై 15న క్రూసేడర్లు గోడలెక్కి దిగి ముస్లింలను, యూదులను ఆడ, మగ, పిల్ల, పెద్ద అని చూడకుండ నరికిన్రు.

అదే ఊరు మూడుసార్లు పెద్ద రక్తపాతం లేకుండ లొంగిపోయింది కూడ. 638 ప్రాంతంలో ఒకసారి, 1187లో ఒకసారి, 1917లో ఒకసారి. ఊరు అదే. షర్తులే వేరు. ఆ తేడా ఏందో చూద్దాం.

మొదటి కాయితం: ప్రాణం, ఆస్తి, గుడి

636 ఆగస్టులో యర్మూక్ నది దగ్గర అరబ్బు ముస్లింల ఫౌజు బైజాంటైన్ చక్రవర్తి ఫౌజును ఓడగొట్టింది. ఆ తర్వాత సిరియా, పాలస్తీనా ఊర్లు ఒక్కొక్కటే లొంగిపోయినయి. జెరూసలేం ముట్టడి నెలల తరబడి సాగింది. చక్రవర్తి దగ్గర్నుంచి సాయం వచ్చే దారి లేదు. ఊరిలో ఫౌజు పెద్ద ఎవరూ లేరు. మాట్లాడాల్సి వచ్చింది ఒక ముసలి మతగురువు. ఆయన పేరు సొఫ్రోనియస్. జెరూసలేం క్రైస్తవులకు ఆయన పాట్రియార్క్, అంటే పెద్ద గురువు.

సొఫ్రోనియస్ ఒక షర్తు పెట్టిండని చెప్తరు. ఊరును సేనాపతి చేతికియ్యను, ఖలీఫానే స్వయంగ రావాలె అని. ఖలీఫా ఉమర్ మదీనా నుంచి కదిలి వచ్చిండు. ఆ ముసలాయన ఎందుకట్ల అడిగిండో ఆలోచించండి. సేనాపతి ఇచ్చిన మాటను రేపు ఖలీఫా కాదనొచ్చు. ఖలీఫా ఇచ్చిన మాటను కాదనేటోడు ఆ రాజ్యంలో ఇంకొకడు లేడు. ఓడిపోయినోడి చేతిలో ఫౌజు లేదు, ఖజానా లేదు. ఎవరితోటి సంతకం పెట్టించుకోవాలె అన్న తెలివి మాత్రం ఉన్నది.

ఆ ఒప్పందంల ఏమున్నదో తబరీ అనే చరిత్రకారుడు రాసిండు. జనం ప్రాణాలకు, ఆస్తులకు, చర్చిలకు, శిలువలకు అభయం. చర్చిలను కూలగొట్టొద్దు, ఆక్రమించి కాపురం పెట్టొద్దు. మతం మారమని బలవంతం చేయొద్దు. ఊరు విడిచిపోయేటోళ్లు క్షేమంగ పోవచ్చు. ఉండేటోళ్లు జిజియా పన్ను కట్టాలె. తబరీ ఇది రాసింది ఆ సంఘటన అయినంక దాదాపు 300 ఏండ్లకు. అందుకని అక్షరం అక్షరం అట్లనే ఉండెననలేం. కానీ ఆ కాలంలో లొంగిన వేరే ఊర్ల ఒప్పందాలు కూడ ఇంచుమించు ఇదే తీరుగ ఉన్నయి.

ఇంకొక ముచ్చట పదో శతాబ్దపు క్రైస్తవ గురువు ఒకాయన రాసింది. ఉమర్ పెద్ద చర్చిలో ఉన్నప్పుడు నమాజు యాళ్లయింది. ఇక్కడే చేసుకోమని సొఫ్రోనియస్ అన్నడు. ఉమర్ ఒప్పుకోలేదు. బయటికొచ్చి మెట్ల దగ్గర నమాజు చేసిండు. ఇయ్యాల నేను లోపల చేస్తే రేపు నావాళ్లు ఇది మాదే అని గుంజుకుంటరు అన్నది ఆయన భయమట. గెలిచినోడు తన మంచితనం సంగతే కాదు, తన వెనుక వచ్చేటోళ్ల ఆశ సంగతి కూడ ఆలోచించిండన్నట్టు.

ఇంతవరకు వింటే అంతా మంచిగనే ఉన్నది. కానీ అదే కాయితంల ఇంకొక షర్తు ఉన్నది. యూదులు ఆ ఊరిలో ఉండొద్దని. అది ఎవరి కోరికో మనం ఊహించుకోవచ్చు. మాట్లాడే దగ్గర కూసున్నది ఇద్దరు. ఖలీఫా ఒకరు, క్రైస్తవ గురువు ఒకరు. యూదులకు అక్కడ కుర్చీ లేదు. కుర్చీ లేనోడి మీదనే కాయితం బరువు పడ్డది. తర్వాతి కాలంలో ముస్లిం పాలకుల హయాంలోనే యూదుల కుటుంబాలు మళ్ల ఆ ఊరు చేరినయి, అది వేరే సంగతి.

ఇగ మూడో ప్రశ్న, నిలబెట్టేదెవరు? 1009లో హాకిం అనే ఫాతిమిద్ ఖలీఫా అదే పెద్ద చర్చిని కూలగొట్టించిండు. ఉమర్ కాయితం అప్పుడు అడ్డం రాలేదు. రాసినోడు మంచోడైతే సరిపోదు. పాలకుడు మారినప్పుడు ఆ మాటను పట్టుకొని నిలదీసే బలం జనం దగ్గర ఉండాలె.

రెండో కాయితం: పది దీనార్లు ఉన్నోడికి ఒక తీరు

1187 జులై 4న హత్తీన్ దగ్గర సలాహుద్దీన్ క్రూసేడర్ల ఫౌజును తుడిచిపెట్టిండు. సెప్టెంబర్‌లో జెరూసలేంను చుట్టుముట్టిండు. ఊరి లోపల పోరాడేటోళ్లు తక్కువ, పారిపోయి వచ్చిన జనం ఎక్కువ. బేలియన్ అనే జాగీర్దారు ఊరి పెద్దగ నిలబడ్డడు. కొద్ది రోజులకే గోడకు గండి పడ్డది. బేలియన్ మాట్లాడటానికి పోయిండు. సలాహుద్దీన్ మొదట ససేమిరా అన్నడు. 1099లో మీరు కత్తితోటి తీసుకున్నరు, మేం కూడ అట్లనే తీసుకుంటం అన్నది ఆయన వాదన.

అప్పుడు బేలియన్ తన చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం బయటపెట్టిండు. మాకు ఆశ లేదనుకుంటే లోపలున్న వేల మంది ముస్లిం బందీలను చంపుతం, మీ పవిత్ర స్థలాలను కూలగొడతం, ఆఖరుకు కొట్లాడుకుంట చస్తం అని. బెదిరింపు ఘోరమైనదే. కానీ దాంతోటే బేరం కుదిరింది. అక్టోబర్ 2న ఊరు లొంగిపోయింది. ఊచకోత జరగలేదు. 1099 తోటి పోల్చి చూస్తే అది చాలా పెద్ద సంగతి. అందుకే సలాహుద్దీన్ పేరు శత్రువుల దేశాల్లో కూడ గౌరవంగ నిలిచింది.

మరి షర్తులేంది? మగోడికి పది దీనార్లు, ఆడమనిషికి ఐదు, పిల్లలకు ఒకటి రెండు. నలభై రోజుల్లోపల కట్టి వెళ్లిపోవచ్చు. కట్టలేనోళ్లు బానిసలు. పైసలు లేని పేదోళ్లలో ఏడు వేల మంది కోసమని 30 వేల దీనార్లు ఒక్కమొత్తంగ కట్టిన్రు. సలాహుద్దీన్ తమ్ముడు అల్ ఆదిల్ వెయ్యి మందిని అడిగి తీసుకొని అక్కడికక్కడే విడిచిపెట్టిండు. సలాహుద్దీన్ కూడ ముసలోళ్లను చాలా మందిని వదిలిండు. అంత చేసినంక కూడ మిగిలినోళ్లు ఎంతమంది? సలాహుద్దీన్ దగ్గర కార్యదర్శిగ పనిచేసిన ఇమాదుద్దీన్ లెక్క ప్రకారం దాదాపు 15 వేల మంది.

ఆ రోజుల్లోనే క్రైస్తవ పాట్రియార్క్ హెరాక్లియస్ తన పది దీనార్లు తాను కట్టుకొని, చర్చిల బంగారం, వెండి, తివాచీలు బండ్ల మీద ఎక్కించుకొని పోయిండు. ఆ సొమ్ముతోటి వేల మందిని విడిపించొచ్చు. సలాహుద్దీన్ మనుషులు ఆ బండ్లను ఆపుదామన్నరు. ఇచ్చిన మాట తప్పనన్నడు ఆయన. అంటే గెలిచినోడు మాట మీద నిలబడ్డడు. ద్రోహం చేసింది ఓడిపోయినోళ్ల సొంత పెద్దమనిషి.

మిత్రులారా, ఈ ముచ్చటను జర గట్టిగ గుర్తుపెట్టుకోండి. శాంతియుతంగ లొంగిపోయింది అని పుస్తకంల ఒక లైను రాస్తరు. ఆ శాంతి పది దీనార్లు ఉన్నోడికి ఒక తీరు, లేనోడికి ఇంకొక తీరు. బండి కట్టుకొని పోయినోడు, సంకెళ్లతోటి పోయినోడు ఇద్దరూ అదే దర్వాజ నుంచి అదే నెలలో పోయిన్రు.

మూడోసారి: తెల్ల దుప్పటి

1517 నుంచి 400 ఏండ్లు జెరూసలేం ఉస్మానీ తుర్కుల కింద ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఊరు నానా బాధలు పడ్డది. 1915లో మిడతల దండు పంటలను తినిపోయింది. ఆకలి, రోగాలు, బలవంతపు ఫౌజు భర్తీ. 1917 నవంబర్‌లో బ్రిటిష్ సేనాపతి అలెన్‌బీ ఫౌజు గాజాను, జాఫాను తీసుకొని కొండల మీదికి వచ్చింది. డిసెంబర్ 8 రాత్రి తుర్కులు ఊరు ఖాళీ చేసిన్రు. పోయేటప్పుడు గవర్నర్ ఒక లొంగుబాటు ఉత్తరం రాసి నగర మేయర్ హుస్సేన్ అల్ హుసేనీ చేతిల పెట్టిపోయిండు.

9వ తారీకు పొద్దున ఆ మేయర్ తెల్ల దుప్పటిని కట్టెకు కట్టుకొని, నలుగురిని ఎంటబెట్టుకొని ఊరి బయటికి నడిచిండు. మొదట ఎదురైంది ఇద్దరు ఫౌజు వంటవాళ్లని చెప్తరు. ఊరు తీసుకోండ్రి అంటే మేం తీసుకునేటోళ్లం కాదన్నరట. ఆ తర్వాత ఇద్దరు సార్జెంట్లు దొరికిన్రు. వాళ్లతోటి దిగిన ఫోటో ఇప్పటికీ ఉన్నది. ఆ మీద ఫిరంగి దళం అఫ్సర్లు, తర్వాత ఒక బ్రిగేడియర్, ఆఖరుకు ఒక మేజర్ జనరల్. ఒకే ఊరును ఒకే మేయర్ ఇన్నిసార్లు అప్పజెప్పాల్సి వచ్చింది. కొన్ని వారాలకే ఆ మేయర్ జబ్బుచేసి చచ్చిపోయిండు.

11వ తారీకు అలెన్‌బీ జాఫా దర్వాజ నుంచి కాలినడకన లోపలికొచ్చిండు. దానికొక కారణమున్నది. 1898లో జర్మనీ కైజర్ వచ్చినప్పుడు ఆయన సవారీ పట్టాలని ఆ దర్వాజ పక్కన గోడనే తెరిచిన్రు. మేం అట్ల కాదు అని చూపెట్టుకోవాలె బ్రిటిషోళ్లకు. అలెన్‌బీ ప్రకటనను ఏడు భాషల్లో చదివి వినిపించిన్రు. ఊరు సైనిక చట్టం కిందికి వస్తది, ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు, మూడు మతాల పవిత్ర స్థలాలను, ఆచారాలను ఉన్నవి ఉన్నట్టు కాపాడుతం అన్నది దాని సారం. మసీదు చుట్టూ హిందుస్తానీ ముస్లిం సిపాయిలను కాపలా పెట్టిన్రు. బుద్ధిమంతమైన ఏర్పాటే.

కానీ ఈ ప్రకటనను పాత కాయితాల పక్కన పెట్టి చూడండి. సొఫ్రోనియస్ తనకు కావలసినోడిని రప్పించుకున్నడు. బేలియన్ బేరమాడిండు. 1917లో మేయర్ ఏం అడిగిండు? ఏమీ అడగలేదు. అడిగే దారే లేదు. ఎందుకంటే ఆ ఊరి భవిష్యత్తు అప్పటికే వేరే దగ్గర రాసేసిన్రు. 1915, 1916లో ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహన్ అరబ్బులకు స్వతంత్రం ఇస్తమని మక్కా షరీఫ్ హుస్సేన్‌కు ఉత్తరాలు రాసిండు. 1916 మేలో సైక్స్, పికో అనే ఇద్దరు అఫ్సర్లు అదే నేలను బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు పంచుతూ రహస్య ఒప్పందం రాసుకున్నరు. 1917 నవంబర్ 2న, లొంగుబాటుకు దాదాపు ఐదు వారాల ముందు, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటుకు సాయపడతమని బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫర్ ప్రకటన ఇచ్చిండు. ఒకే ఇంటికి మూడు కిరాయి పత్రాలు.

బాల్ఫర్ ప్రకటనలో అక్కడ ఉన్న మిగతా జనం హక్కుల మాట కూడ ఉన్నది. వాళ్ల పౌర హక్కులకు, మత హక్కులకు భంగం కలగొద్దని రాసిన్రు. రాజకీయ హక్కుల మాట మాత్రం రాయలేదు. అప్పటికి ఆ దేశంలో పదింట తొమ్మిది మంది అరబ్బులు. మసీదుకు కాపలా దొరికింది, చర్చికి కాపలా దొరికింది. మా ఊరిని ఎవరు ఏలాలె అని అడిగే హక్కుకు కాపలా దొరకలేదు. 1920 నాటికే ఆ ఊరి వీధుల్లో అల్లర్లు మొదలైనయి. 1948 మే 14న బ్రిటిషోళ్లు పాలన వదిలి పోయిన్రు. ఆ రాయని ఒక్క మాట కోసం యూదుల తరం, అరబ్బుల తరం రెండూ ఎంత రక్తం ధారపోసినయో లోకమంతా చూసింది.

ఇగ మన సంగతి

ఆ యుద్ధానికి మనకు సంబంధం లేదనుకోకండి. పాలస్తీనాలో బ్రిటిషోళ్ల తరఫున కొట్లాడిన సంస్థానాల గుర్రపు దళాల బ్రిగేడ్‌లో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతోపాటు హైదరాబాద్ లాన్సర్లు కూడ ఉన్నరు. ఢిల్లీలో 1922లో నిలబెట్టిన తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సిపాయిది. మన పిల్లగాండ్లు ఒకరి ఊరును గెలవడానికి పోయిన్రు. ముప్పై ఏండ్లకు మన ఊరు లొంగే రోజు వచ్చింది.

1948 సెప్టెంబర్ 13న భారత ఫౌజు హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించిండు. 18న సేనాపతి ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి నగరం అప్పజెప్పిండు. నగరంలో కొట్లాట జరగలేదు. రజాకార్ల దౌర్జన్యం కింద నలిగిన పల్లెలు ఊపిరి తీసుకున్నయి. అది నిజం. దాన్ని ఎవరూ కాదనొద్దు.

అట్లనే ఇంకో నిజం కూడ ఉన్నది. నగరం ప్రశాంతంగ ఉన్నది కానీ, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మామూలు ముస్లింల మీద ఘోరమైన హత్యాకాండ జరిగింది. కేంద్రమే పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయి ఉంటరని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. తెలంగాణ పల్లెల్లో దొరల భూములు పంచుకున్న రైతుల మీదికి అదే ఫౌజు మళ్లింది. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించే దాకా అది నడిచింది. నిజాంకు మాత్రం రాజభరణం దొరికింది, 1956 దాకా రాజప్రముఖ్ పదవి దొరికింది. పది దీనార్లు ఉన్నోడికి ఒక తీరు, లేనోడికి ఇంకొక తీరు అని ఎందుకన్ననో ఇప్పుడు సమజయిందనుకుంట.

1956 సంగతి ఫౌజు లొంగుబాటు కాదు. కానీ అప్పజెప్పడమే. ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇటు నలుగురు, అటు నలుగురు పెద్దమనుషులు కూసొని ఒప్పందం రాసుకున్నరు. మిగులు నిధులు, ఉద్యోగాలు, ప్రాంతీయ మండలి అన్నీ అందుల ఉన్నయి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమోడైతే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతమోడు ఉండాలె అని ఉన్నది. నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడ్డది, మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి కుర్చీ లేకుండ పోయింది. అడ్డం పడేటోడు ఎవరూ లేరు. 1969లో పిల్లలు రోడ్డెక్కింది ఆ కాయితం కోసమే.

ఆ అనుభవంతోటే తర్వాతి ఉద్యమం ఒప్పందాలు ఒద్దు, రాష్ట్రమే కావాలె అన్నది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఈసారి పెద్దమనుషుల మాట కాదు, పార్లమెంటు చేసిన చట్టం. అయినా చట్టంల కూడ మాటలను పట్టి చదవాలె. ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టాలె అని పునర్విభజన చట్టం చెప్పలేదు. కట్టే వీలున్నదా అని పరిశీలించాలె అని చెప్పింది. కట్టాలె అనే మాటకు, పరిశీలించాలె అనే మాటకు మధ్యల ఎన్ని ఏండ్లు పోతయో మనకు తెలుసు.

కొట్లాట లేకుండ పని జరిగితే అంతకంటే కావాల్సింది లేదు. ఊరు కాలడం కంటే ఊరు లొంగడం నయం. జెరూసలేం అది కూడ నేర్పింది. కానీ శాంతి అంటే నోరు మూసుకొనుడు కాదు. ఎవరు ఏ పేరుతోటి మన ఊరికి వచ్చినా, అధికారం ఏ పార్టీ చేతి నుంచి ఏ పార్టీ చేతికి పోయినా, ఆ మూడు ప్రశ్నలు అడగండి. మాట్లాడే దగ్గర మనకు కుర్చీ ఉన్నదా? కుర్చీ లేనోడు ఎవరో చూసి వాని తరఫున కూడ మాట్లాడిన్రా? రేపు మాట తప్పితే నిలదీసే బలం మన దగ్గర ఉన్నదా?

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. పెద్దమనుషుల ఒప్పందం ఒకసారి, పునర్విభజన చట్టం ఒకసారి మొదట్నుంచి చివరిదాకా మీరే చదవండి. ఇంకొకరు చెప్పింది విని ఊకోకండి. సొఫ్రోనియస్ దగ్గర ఫౌజు లేకున్నా ఎవరి మాట నిలబడతదో, ఎవరిది నిలబడదో తెలుసుకున్నడు. మనం కనీసం మన కాయితంల ఏం రాసి ఉన్నదో తెలుసుకోవాలె.

 జై తెలంగాణ.